గోడలో నల్లకాడ

ఇస్త్రీ గదిలో బీరువాను గోడ దగ్గర్నుంచి జానెడు జరిపేసరికి, వెనక చీకట్లోంచి నల్లటి వెంట్రుకలు కొన్ని బయటికి వాలాయి.

ఆమె కెవ్వుమనలేదు. కెవ్వుమనే అలవాటు ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే పోయింది. చేతిలోని చీపురు మాత్రం జారి నేల మీద పడింది. సన్నగా, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ, తడి గోడ లోపల ఎవరో ఆడమనిషి నిలబడి తల బయటికి వంచినట్టు వేలాడుతున్నాయవి. కిటికీ మూసే ఉంది. గాలి లేదు. అయినా అవి కదులుతున్నాయి.

భయంతో ఊపిరి బిగబట్టింది. అవీ ఆగిపోయాయి. మెల్లగా ఊపిరి వదిలింది. మళ్ళీ ఊగాయి. తన ఊపిరికే ఊగుతున్నాయని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

వంగి చూసింది. వెంట్రుకలు కావు. ఒక్కో నల్లటి పోగు చివరా గోరంత గోరంత లేత ఆకులు, చిన్న విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. ఆమె పనిచేసే నర్సరీలో దీన్ని నల్లకాడ అంటారు. వేడి దేశాల అడవుల్లో, జలపాతాల పక్కన, రాళ్ళ సందుల్లో నీడ చూసుకుని పెరిగే ఫెర్న్. హోటళ్ళవాళ్ళు ఎగబడి కొంటారు. కొన్న వారానికే చంపేసి మళ్ళీ కొనడానికి వస్తారు.

"బీరువా జరిపావా?" హాల్లోంచి భర్త అరిచాడు. టీవీ చప్పుడు మీదుగా వినపడాలని అరిచాడంతే. కోపం అతనికి కాఫీతో పాటే అయిపోయింది. "రేపు మేస్త్రీ వస్తాడు. గోడ గీకి మళ్ళీ పూత వెయ్యాలట. నువ్వు తడిపిన గోడ, కనీసం సామానైనా నువ్వు సర్దు."

"జరుపుతున్నానండీ," అంది. మొక్క సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

నువ్వు తడిపిన గోడ. ఈ మాట ఆ ఇంట్లో ఎన్ని రూపాల్లో తిరిగిందో! అది బాత్రూముకీ ఇస్త్రీ గదికీ మధ్య గోడ. వానలు వెళ్ళిపోయిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి గోడకు చెమట పట్టి ఉంది. మర్నాడూ అంతే. ప్లంబరు వచ్చి, గొట్టాన్ని తట్టి, చెవి పెట్టి విని, పెదవి విరిచాడు. "పైపులో లోపం లేదు సార్. సింకు పొంగి గోడలోకి దిగుతోంది. ఎవరో పంపు వదిలేసి పోతున్నారు. నేల సాయంత్రానికి ఆరిపోతుంది, గోడ ఆరదు." ఎవరో అన్న మాట ఈ ఇంట్లో ఎప్పుడూ ఒక్కరికే కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. పొద్దున్నే ఆ సింకు దగ్గర ఆఖర్న ఉండేది ఆమే. పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారి ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి, ఆ బట్టలు అక్కడే జాడించి, గిన్నెలో బ్రెడ్డు పాలలో నానబెట్టి తినిపించి, ఇద్దరు మగవాళ్ళకు టిఫిను బల్ల మీద పెట్టి, తన డబ్బా తాను కట్టుకుని, చెప్పులు సగం తొడుక్కుని బస్సు కోసం పరిగెత్తుతుంది. ఆ పరుగులో పంపు కట్టిందా? కట్టాననే అనుకుంది. అనుకోవడం వేరు, కట్టడం వేరు అని భర్త అన్నాడు.

అప్పటి నుంచే తన మీద తనకు అనుమానం మొదలైంది. ఫోనులో పంపు ఫోటో తీసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రం గోడ తడిగా కనిపించగానే ఆ ఫోటో తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది. చూడండి, కట్టాను! అతను ఫోటో వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు జాలిగా చూశాడు. "ఫోటో తీశాక మళ్ళీ చేతులు కడుక్కుని ఉంటావు," అన్నాడు. చేతులు ఎన్నిసార్లు కడుగుతుందో ఆమెకేం తెలుసు? కడిగిన చేతులే మళ్ళీ కడిగే పని ఆమెది. ఆ తర్వాత అతను గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మీ అమ్మకీ ఇలాగేగా మొదలైంది."

ఆమె తల్లి చివరి రోజుల్లో కూతుర్నే గుర్తుపట్టలేదు. ఎవరమ్మా నువ్వు, ఇంటికెళ్ళు పొద్దుపోయింది అనేది. ఆ మాట ఆమె గుండెలో ఎక్కడో నిద్రపోతోంది. దాన్ని అతను తట్టి లేపాడు. ఆ భయంతో వెళ్తే డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. మాత్రలు వేసుకుంటే రోజంతా తలలో దూది కుక్కినట్టుండేది. నర్సరీలో మొక్కల మీద తుంపర చిమ్మే మంచుజల్లు వాల్వు కట్టాక కూడా వెనక్కి వెళ్ళి చూసొచ్చేది, గేటు దాకా పోయి మళ్ళీ వచ్చి చూసేది. "ఆకులమ్మా, ఆ వాల్వు నీ మీద అలిగి పారిపోదులే," అని మేనేజరు అందరి ముందూ నవ్వాడు. కుండీల్లో మట్టి నింపే పెద్దావిడ, అందరూ కుండీలక్క అంటారు, మట్టి చేతులు దులుపుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. "నీకు మతి పోలేదే తల్లీ. నిద్ర పోయింది. ఇంట్లో ఎవరైనా నిన్ను ఒక పూట కూర్చోనిస్తారా?" అంది.

కూర్చోబెట్టేది ఒక్క మామగారే. న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ ఇంట్లో ఆమెతో మెత్తగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. రిటైరైన స్టోరుకీపరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరోజు నాగా పెట్టలేదని, జ్వరంతో కూడా వెళ్ళి తాళాలు తీశానని కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇంట్లో పుల్ల తీసి అటు పెట్టడు గానీ తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటాడు. ఆ ఒక్క పనికే ఆడపడుచు ఫోనులో, "ఎంత అదృష్టమే నీది, మా మామగారు రుమాలు కూడా మడవరు," అని దెప్పేది. ఆయన ఇస్త్రీ కోసం నీళ్ళు చిమ్మే ఇత్తడి సీసా ఒకటి ఆమే నర్సరీ నుంచి తెచ్చిచ్చింది. దాని నోటి నుంచి వచ్చే తుంపర పొగమంచంత సన్నం. "పోనీలే తల్లీ," అనేవాడాయన, ఆమె ఏడుపు మొహం చూసి. "ఇవాళ కూడా పంపు వదిలేశావు. మధ్యాహ్నం చూసి నేనే కట్టేశాలే. వాడికి చెప్పకు." అయినా ఎలాగో భర్తకు తెలిసేది.

ఇదంతా మొదలవకముందే, మరో ఊళ్ళో కొండ మీది తోటవాళ్ళు ఆమెను అడిగారు. అక్కడ పెద్ద అద్దాల ఇల్లు కట్టారు, అందులో అన్నీ నీడ ఫెర్నులే. దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఉండడానికి క్వార్టరు ఇస్తారు. వానలప్పుడు ఆ కబురు వచ్చింది. భోజనాల దగ్గర చెప్తే భర్త నవ్వేశాడు, మామగారు మాత్రం, "వెళ్ళమ్మా, మంచి అవకాశం," అన్నాడు. పోయిన నెల వాళ్ళు పిలిస్తే వారం రోజులు వెళ్ళి పని చూసొచ్చింది. ఒంటరిగా ఎందుకని భర్త కూడా సెలవు పెట్టి వెంట వచ్చి, కొండ చలికి గది దాటకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఇవాళ సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి. నిన్ననే ఆమె నిర్ణయించుకుంది, రానని చెప్పేయాలని. "ఇంట్లో పంపు కట్టడం గుర్తుండదు, కొండ మీద అద్దాల ఇల్లంతా నీ చేతిలో పెడతారా?" అని భర్త అన్న మాటలో తప్పేమీ కనపడలేదు. అక్కడ ఒక్క పూట వాల్వు మరిచిపోతే ఏళ్ళ తరబడి పెంచిన మొక్కలు పోతాయి. మతిలేని మనిషి మొక్కల ప్రాణాలతో ఆడుకోకూడదు.

ఇప్పుడు ఈ నల్లకాడ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. వేలితో ఒక ఆకు తిప్పి చూసింది. ముదిరితే వెనక అంచున వచ్చే గోధుమ రంగు మడత ఇంకా కట్టలేదు. లేత మొక్క. ఈ మొక్కకు విత్తనం ఉండదు. పెద్దాకుల వెనక పొడి రాలుతుంది, కంటికి ఆననంత సన్నటి పొడి. రోజూ ఆమె చేతుల మీద, జుట్టులో, బట్టల మడతల్లో ఆ పొడి ఇంటికి వస్తూనే ఉంటుంది. వచ్చి ఇక్కడ గోడ మీద వాలింది. అంతవరకూ వింతేమీ లేదు.

వింత తర్వాత ఉంది. పొడి తడి మీద వాలితే ముందు ఒక పచ్చటి పొర వస్తుంది, నాచులా. ఆ పొర మీద నీటి తెర ఆరకుండా ఉంటేనే అసలు మొక్క పుడుతుంది. పుట్టాక కూడా దాని ప్రాణం పూచికపుల్ల. ఎండ తగిలితే మాడుతుంది. గాలి కొడితే ముడుచుకుంటుంది. నీళ్ళు కుమ్మరిస్తే కుళ్ళుతుంది. ఒక్క రోజు ఆరితే ఆకులు కాల్చిన కాగితంలా చుట్టుకుపోతాయి. హోటళ్ళవాళ్ళు వారంలో చంపేసేది అందుకే, ఒక రోజు పోస్తారు, ఒక రోజు మరిచిపోతారు.

మరిచిపోతారు.

ఆమె ఆకు వదిలి, గోడ మీద అరచెయ్యి ఆనించింది.

సింకు పొంగితే నీళ్ళు ధారగా దిగుతాయి. దిగిన చోట సున్నం కరిగి చార కడుతుంది. ఈ గోడ మీద చార లేదు. తడి పైనుంచి కిందికి దిగలేదు, ముందు నుంచి అంటుకుంది. సమంగా, సన్నగా, పొగమంచులా. వానలు వెళ్ళిన నాటి నుంచి నేటి వరకూ, ఒక్క రోజైనా తప్పకుండా. ఇది మతిమరుపు మీద పెరిగే మొక్క కాదు. ఈ ఇంట్లో ఎవరో, ఆమె నర్సరీలో ఎంత శ్రద్ధగా నీళ్ళు పెడుతుందో అంత శ్రద్ధగా, ఈ గోడకు నీళ్ళు పెడుతున్నారు.

ఎవరు?

మొదట భర్తే గుర్తొచ్చాడు. అతని మాటలన్నీ వరస కట్టి నిలబడ్డాయి. కానీ మొక్క ఒప్పుకోలేదు. పోయిన నెల వారం రోజులు అతనూ ఆమె పక్కనే ఉన్నాడు, కొండ మీద. ఆ వారం తడి ఆగి ఉంటే, ఆ పచ్చటి పొరో, మొలకో, ఏది ఉంటే అది అప్పుడే ఎండి రాలిపోయేది. ఇది రాలలేదు. ఆ వారం కూడా నీళ్ళు తాగింది. తిరిగి వచ్చిన రోజు మామగారు గుమ్మంలోనే ఎదురొచ్చి చెప్పిన మాట చెవిలో వినిపించింది. "మీరు వెళ్ళిన రోజు కూడా పంపు వదిలేసి వెళ్ళావమ్మా. నేనే కట్టాను. గోడ ఇంకా ఆరలేదు చూడు."

ఆ వారం ఇంట్లో ఉన్నది ఎవరు? మంచం మీంచి లేవలేని అత్తగారు. పొద్దునా సాయంత్రం వచ్చి వెళ్ళిన ఆయా. ఇంకా...

ఇస్త్రీ బల్ల మీద ఇత్తడి సీసా మెరుస్తోంది. బొటనవేలు నొక్కే మీట నున్నగా అరిగిపోయింది. వారానికి నాలుగు చొక్కాలకు అంత అరగదు.

సీసా తీసుకుని ఆమె పక్క గదిలోకి వెళ్ళింది. అత్తగారి మంచం అక్కడే, ఇస్త్రీ గది తలుపుకు ఎదురుగా. పక్షవాతం వచ్చాక ఆవిడకు మాట లేదు. ఈ మధ్య మాత్రం నోటితో ఒకటే చప్పుడు చేస్తోంది. "స్స్... స్స్..." ఎడమ చేత్తో పరుపు మీద కొడుతూ, తలుపు వైపు చూస్తూ. ఆ చప్పుడు వినగానే అందరూ బెడ్‌పాను తేవడమే. అది పొడిగానే తిరిగొచ్చేది. "అమ్మకి చాదస్తం ఎక్కువైంది," అని ఆడపడుచు తీర్పు చెప్పేసింది. ఆమె కూడా ఎన్నోసార్లు విసుక్కుంది. ఇప్పుడు అది గుర్తొచ్చి సిగ్గేసింది.

"అత్తయ్యా," అంది మెల్లగా, సీసా ఎత్తి పట్టుకుని. మీట నొక్కింది.

స్స్... స్స్...

ముసలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఆడుతున్న ఎడమ చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత ఆ చెయ్యి వచ్చి కోడలి మణికట్టును పట్టుకుంది. మంచం పట్టిన మనిషికి అంత బలం ఎక్కడిదో! వదల్లేదు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇన్నాళ్ళూ ఆవిడ చూస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ చెప్తూనే ఉంది. ఒక ఆడది చెప్పిన సాక్ష్యాన్ని ఈ ఇల్లు బెడ్‌పానుతో మోసి పారబోసింది.

ఆవిడ కళ్ళు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు కింద దిండు సర్దింది. చేతులకు ఆ పని కళ్ళు మూసుకున్నా వస్తుంది. తర్వాత ఫోను తీసి కొండతోట మేడమ్‌కి చేసింది.

"వస్తున్నానండీ," అంది.

ఆరోగ్యం బాగా లేదని, మరుపు వస్తోందని తనే లోగడ మేడమ్‌తో నిజాయితీగా చెప్పుకుంది. "సంతోషం. మరి ఆ మతిమరుపు తగ్గిందా?"

"అది నాది కాదండీ. ఇవాళే తెలిసింది."

వీధి గుమ్మం చప్పుడైంది. మామగారు వాకింగ్ నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు పట్టా మీద తుడుచుకుని, అలవాటుగా నేరుగా ఇస్త్రీ గది వైపు నడిచాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బీరువా పక్కకు జరిగి ఉంది. గోడ నుంచి నల్లటి జుట్టు వేలాడుతోంది. దాని ముందు కోడలు, చేతిలో గోడలు గీకే ఇనప రేకు.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి," అని ఆమె భర్తను పిలిచింది.

అతను రిమోటు చేత్తోనే వచ్చాడు. చూసి మొహం చిట్లించాడు. "ఛీ, ఏమిటిది? చూశావా, నువ్వు చేసిన తడికి ఏం మొలిచిందో! పీకి పారెయ్."

"అదే చేస్తున్నాను," అంది ఆమె. రేకును మొక్క మొదట్లో ఆనించింది. మామగారి మొహం కేసే చూస్తూ మెల్లగా నొక్కింది. సున్నం పెళ్ళ ఒకటి ఊడి రాలింది. ఒక కాడ వంగింది.

"వద్దమ్మా!"

ఆ గొంతు విని భర్త ఉలిక్కిపడ్డాడు. మామగారు రెండంగల్లో వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తన చొక్కా గోడకు రాసుకుని తడుస్తున్నా పట్టించుకోలేదు. వంగిన కాడను రెండు వేళ్ళతో, పసిపిల్ల తల నిలబెట్టినట్టు, నిలబెట్టాడు.

"నాన్నా, మీకేమైంది?" అన్నాడు భర్త. "ఇది పీకితే మీకెందుకు?"

ఆమె ఇత్తడి సీసాను ఇస్త్రీ బల్ల మీద, ఆయన ఎదురుగా పెట్టింది. పక్క గదిలోంచి వినిపించింది, "స్స్... స్స్..." ఈసారి బెడ్‌పాను కోసం ఎవరూ కదల్లేదు.

ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. కొడుకుతో మాట్లాడలేదు, కోడలితోనే.

"నేనేనమ్మా. రోజూ నేనే చిమ్మాను. పంపు మాత్రం ఎప్పుడూ వదల్లేదు, ఒట్టు. వదిలితే నేలంతా నీళ్ళవుతాయి, తుడవడం నాకెక్కడ వచ్చు? నువ్వు కొండకెళ్తానన్నావు. వెళ్ళమ్మా అన్నాను గానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నువ్వు పోతే మీ అత్తని ఎవరు తిప్పుతారు, ఎవరు కడుగుతారు? ఆ వారం ఆయా రాని మధ్యాహ్నాలు అది పిలుస్తుంటే నేను ఇక్కడే తలుపేసుకుని కూర్చున్నాను. నాకు చేతకాదమ్మా, ముట్టుకోవాలంటే భయం, నేనెప్పుడూ ఎవరికీ ఏదీ చెయ్యలేదు. నీకు మతి పోతోందని నువ్వే నమ్మితే ఎక్కడికీ పోవు కదా అనుకున్నాను. నిన్ను పొమ్మనలేదు, తిట్టలేదు, కొట్టలేదు. కాసిని నీళ్ళు చిమ్మాను, అంతే. తర్వాత ఒక రోజు ఆ వెనక పచ్చగా ఏదో కనిపించింది. నాలుగాకులు. మర్నాడు ఐదు. అప్పట్నుంచీ నిజం చెప్తున్నా, నీ కోసం కాదు, దాని కోసమే లేచేవాణ్ణి. నువ్వు వెళ్తే వెళ్ళు తల్లీ. దీన్ని మాత్రం గీకకు. నా చేత్తో, ఒక్కరోజు నాగా పెట్టకుండా నేను చూసుకున్న ప్రాణం ఇదొక్కటే."